చాప పక్కన చాప

యోగా మాస్టారు పోయారని పాత బ్యాచ్ నర్సక్క ఫోన్ చేసి చెప్పింది. పెద్ద వయసే. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా ఏ పనీ ముందుకు సాగలేదు. మొహం కంటే ముందు ఆయన గొంతు గుర్తొచ్చింది. "వదలండి... ఇంకా వదలండి... తొందరేం లేదు" అనే గొంతు. దాని వెనకే ఆ హాలు, కిర్రుమనే చెక్క తలుపు, ఇంకా చీకటి ఉండగానే చాపలు దులిపి పరిచే చప్పుడు, అంతమందీ ఒకేసారి ముక్కుతో గాలి వదిలితే వచ్చే హోరు.

ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ఆసనాలకంటే మాటలే ఎక్కువ గుర్తొస్తున్నాయి. క్లాసు మొదలవకముందు కాసేపు, అయ్యాక ఇంకాసేపు మేం చెప్పుకున్న మాటలు. ఎవరికి ఎక్కడ నొప్పి, దానికి ఎవరేం చెప్పారు, ఎవరు ఏ మాత్ర మానేశారు, ఎవరికి ఏది పనిచేసింది. ఆరోగ్యం గురించి నాకు తెలిసినదాంట్లో, తప్పూ ఒప్పూ కలిపి, సగం ఆ చాపల మీద కూర్చుని విన్నదే. ఒక మాట మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతుందో దగ్గరగా చూసిందీ అక్కడే.

*

నేను నడుంనొప్పితో చేరాను. రోజంతా లెడ్జర్ల మీద వంగి కూర్చునే ఉద్యోగం. ఒకరోజు కుర్చీలోంచి లేవలేకపోతే మా సెక్షన్‌లోనే పనిచేసే అక్క చెయ్యి అందించి లేపి, "రేపు పొద్దున్న నాతో రా, ఇంకేం అడగకు" అంది. ఆ హాలుకి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఇలాగే వచ్చారు. బయట బోర్డు ఉండేది కానీ, బోర్డు చూసి చేరినవాళ్ళు నాకెవరూ తగల్లేదు. అక్క తీసుకొచ్చిన చెల్లెలు, భార్య పోరు పడలేక వచ్చిన భర్త, పక్కింటావిడ మోకాళ్ళు బాగయ్యాయని విని వచ్చిన పిన్నిగారు. ప్రతి ఒక్కరి వెనకా ఒక మనిషి ఉండేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తీసుకొచ్చినవాళ్ళ పక్కనే చాప వేసుకునేవాళ్ళు. తర్వాత ఆ చోటే వాళ్ళదైపోయేది. ఏళ్ళు గడిచినా ఎవరి చోటు వాళ్ళదే.

చేరిన కొత్తలో మాస్టారు నాకు మకరాసనం, భుజంగాసనం, మార్జాలాసనం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ముందుకి వంగేవి ఏవీ వద్దన్నారు. కొన్ని వారాలకి నొప్పి తగ్గింది. తగ్గిన మర్నాటి నుంచి నేనూ చెప్పడం మొదలుపెట్టాను. ఆఫీసులో, బస్సులో, చుట్టాలింట్లో, నడుం మీద చెయ్యి వేసుకుని కనబడ్డ ప్రతివాళ్ళకీ. నా మాట విని ఇద్దరు ముగ్గురు చేరారు కూడా.

ఇప్పుడు చదివితే అప్పటి సంగతి ఇంకొంచెం విడమర్చి కనబడుతోంది. కొత్తగా పట్టుకున్న నడుంనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మనిషి యోగా హాలు గుమ్మం తొక్కేదే నొప్పి బాగా ముదిరినప్పుడు కాబట్టి, ఆ తర్వాత ఏది మొదలుపెట్టినా దానివల్లే తగ్గినట్టు ఉంటుంది. అలాగని యోగాలో ఏమీ లేదని కాదు. నెలల తరబడి వదలని నడుంనొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాని కూడా చేరుస్తూ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో డాక్టర్లకి సూచనలిచ్చింది. అది చదివిన రోజు సంతోషం పట్టలేక మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "మంచిదేనమ్మా. నువ్వు రోజూ చేస్తున్నావా మరి?" అన్నారు.

*

శవాసనం అయ్యాక వెంటనే లేవకూడదనేది ఆయన నియమం. కుడివైపు ఒత్తిగిల్లి, కాసేపు అలాగే ఉండి, చెయ్యి ఊతం చేసుకుని కూర్చోవాలి. కూర్చున్నాక మాటలు మెల్లగా మొదలయ్యేవి. ఒళ్ళు తేలికపడి, మనసు నెమ్మదించి, ఎవరేం చెప్పినా వినబుద్ధయ్యే వేళ అది. డాక్టరు దగ్గర మనం చెప్పుకునేది అయిదు నిమిషాలు. ఇక్కడ ఎదుటివాళ్ళ కాళ్ళ పగుళ్ళ దగ్గర్నుంచి కళ్ళ కింద వాపుదాకా రోజూ చూస్తున్నవాళ్ళమే మాట్లాడుకునేవాళ్ళం. "నిన్న రాలేదేం? మళ్ళీ మోకాలేనా?" అని అడిగే మనిషి "ఇలా చేసి చూడు" అంటే కాదనడానికి నోరు రాదు.

ఆ మాటల్లో ఎన్ని ఉండేవో. పొద్దున్న లేవగానే కడుపు పట్టినన్ని నీళ్ళు తాగాలి. నూనె పుక్కిలించాలి. రాగి చెంబులో నీళ్ళు నిలవ ఉంచాలి. గోళ్ళూ గోళ్ళూ రాస్తే జుట్టు ఊడదు. వజ్రాసనంలో కూర్చుంటే అరగనిదంటూ ఉండదు. కపాలభాతి ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిది. వీటిలో కొన్ని నిరపాయం, కొన్ని పనికొచ్చేవి, కొన్ని ఒకరికి మంచివై ఇంకొకరికి చెరుపు చేసేవి. మూడూ ఒకే గొంతుతో, ఒకే ప్రేమతో వచ్చేవి. విడదీసి చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

నాకు బాగా గుర్తున్నది ఎవరి మాటకి విలువ ఉండేదన్న సంగతి. ఎవరి తల మోకాలికి తగిలితే వాళ్ళ మాట చెల్లేది. మా బ్యాచ్‌లో ఒక టీచరమ్మ ఉండేవారు. అరవై దాటినా హలాసనంలో కాళ్ళు నేలకి అలవోకగా ఆనించేవారు. చర్మం నిగనిగలాడేది. ఆవిడ షుగర్ గురించి చెప్పినా, థైరాయిడ్ గురించి చెప్పినా అందరూ చెవి ఒగ్గి వినేవాళ్ళు. నర్సక్క ఏళ్ళ తరబడి వార్డుల్లో పనిచేసిన మనిషి. మోకాళ్ళు సహకరించక పద్మాసనం వేయలేకపోయేది, గోడకి ఆనుకుని కూర్చునేది. తన దగ్గరికి వెళ్ళి మందుల సంగతి అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఒళ్ళు వంగడానికీ, జబ్బు గురించి తెలియడానికీ సంబంధం లేదని వాదనకి పెడితే ఎవరైనా ఒప్పుకునేవాళ్ళే. కానీ కళ్ళెదురుగా హలాసనం కనబడుతుంటే గోడకి ఆనుకున్న మనిషి మాట ఎవరికి వినబడుతుంది?

*

ఒక కాలంలో మా దగ్గర ఒక జిరాక్సు కాగితం తిరిగేది. ఎడమవైపు జబ్బుల పేర్లు, కుడివైపు వాటికి వేయాల్సిన ఆసనాలు. ఉబ్బసం, అజీర్తి, తలనొప్పి, బీపీ, ఇంకా చాలా. జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి అక్షరాలు సగం చెరిగిపోయాయి. చెరిగినచోట ఎవరో పెన్నుతో దిద్దారు. ఇంకెవరో కింద సొంతంగా నాలుగు జబ్బులు కలిపారు. బ్యాంకులో పనిచేసే అన్నయ్య ఒకాయన దాన్ని మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకునేవాడు.

అలాంటి పట్టిక యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ రాయగా 1966లో అచ్చయిన 'లైట్ ఆన్ యోగా' చివర్లో ఉంది. మా కాగితం నేరుగా అక్కడిదో, అక్కణ్ణుంచి ఎన్ని చేతులు మారిందో చెప్పేవాళ్ళు లేరు. మాస్టారికి ఈ కాగితం సంగతి తెలిసిన రోజు కోప్పడలేదు. మర్నాడు ఆ పుస్తకం తెచ్చి, ముందు పేజీల్లో జాగ్రత్తలు రాసిన చోటు తెరిచి, నిలబడి పైకి చదివారు. బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు శీర్షాసనంతో, సర్వాంగాసనంతో మొదలుపెట్టకూడదని అందులోనే ఉంది. "పట్టిక చేతులు మారింది, ఈ పేజీ మారలేదు. రాసినాయన రెండూ రాశాడు" అన్నారు.

ఆ రోజు నోరు విప్పింది బ్యాంకు అన్నయ్యే. కంట్లో నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నాయని, రోజూ చుక్కల మందు వేసుకుంటున్నానని, శీర్షాసనం వేస్తే కళ్ళకి రక్తం బాగా అంది చూపు మెరుగవుతుందని ఎవరో చెబితే ఇంట్లో గోడవారగా చేస్తున్నానని చెప్పాడు. మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ క్షణం నుంచే మానేయమన్నారు. తలకిందులుగా ఉన్నప్పుడు కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుందని ఆ తర్వాత కంటి డాక్టర్లు కొలిచి చెప్పారు. చెన్నైలో యోగా చేసేవాళ్ళ మీదే చేసిన అలాంటి పరిశీలన ఒకటి 2006లో అచ్చయింది. నీటికాసుల్లో తగ్గించాల్సిందే ఆ ఒత్తిడి. అన్నయ్యకి చెప్పిన మనిషి మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. ఆ మనిషికి ఈయన కంట్లో ఏముందో తెలియదు, అంతే.

*

ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కునే జలనేతి నేర్పిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పెరట్లో వరసగా నిలబెట్టారు. నీళ్ళు ముందురోజు రాత్రే తెర్లకాచి మూతపెట్టి ఉంచినవి. పొద్దున్న వాటిని గోరువెచ్చగా చేసి, లీటరుకి తొమ్మిది గ్రాముల లెక్కన ఉప్పు తూచి కలిపారు. "కన్నీళ్ళంత ఉప్పగా ఉండాలి. తగ్గినా మండుతుంది, ఎక్కువైనా మండుతుంది" అన్నారు. కొమ్ము ఉన్న చిన్న చెంబు. కొమ్ము ఒక ముక్కుపుటానికి ఆనించి, తల పక్కకి వంచి, నోరు తెరిచి నోటితో ఊపిరి తీస్తే నీళ్ళు రెండో పుటంలోంచి సన్నటి ధారగా దిగిపోతాయి. మొదటిసారి భయం వేస్తుంది. ధార పడ్డాక నవ్వొస్తుంది. ఒకరినొకరు చూసుకుని అందరం పిల్లల్లా నవ్వాం. తర్వాత ముందుకి వంగి, తల అటూ ఇటూ తిప్పుతూ, ముక్కులో నీటిచుక్క మిగలకుండా మెల్లగా గాలి వదలాలి. రెండు పుటాలూ మూసి గట్టిగా చీదితే నీళ్ళు చెవిలోకి పోతాయని ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి చెప్పారు.

చివర్లో ఒక మాట అన్నారు. "ఇది మీరు ఎవరికీ నేర్పొద్దు. కావాల్సినవాళ్ళని నా దగ్గరికి తీసుకురండి."

అదేంటి, ఇంత మంచిది నలుగురికీ చెప్పకపోతే ఎలా అని కొంతమంది నొచ్చుకున్నారు. కొన్నాళ్ళు పోయాక మా టీచరమ్మ తన మేనకోడలికి చెప్పారు. ఆ అమ్మాయి తన స్నేహితురాలికి చెప్పింది. ఆ స్నేహితురాలు ఇంకొకావిడతో మా హాలుకి వచ్చినప్పుడు, తను ఎలా చేస్తోందో మాస్టారు అడిగి కూర్చోబెట్టి చెప్పించుకున్నారు. చెంబు ఉంది, కొమ్ము ఉంది, తల వంచడం ఉంది. కాచడం పోయింది. ఉప్పు చిటికెడైంది. నీళ్ళు నేరుగా కుళాయివి. ఆ చేతా ఈ చేతా మారేసరికి చేసి చూపించగలిగింది నిలబడింది, ముందురోజు రాత్రి చేయాల్సింది జారిపోయింది.

2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ నేతి చెంబులో కుళాయి నీళ్ళు వాడినవాళ్ళే. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోంచి మెదడుకి చేరింది. ఆ నీళ్ళే తాగితే ఏమీ కాదు, కడుపులోకి వెళ్తే ఆ క్రిమి బతకదు. ముక్కు పైభాగానికి వెళ్తేనే ప్రమాదం. అది చాలా అరుదైన జబ్బు. కానీ వచ్చినవాళ్ళలో బతికినవాళ్ళు ఏ కొద్దిమందో. ముక్కు కడుక్కోవడానికి డిస్టిల్డ్ వాటరో, తెర్లకాచి చల్లార్చిన నీళ్ళో వాడమని అక్కడి ఆరోగ్య శాఖలు ఇప్పటికీ చెబుతుంటాయి. మాస్టారు ఆ అమీబా పేరు విని ఉండరు. తనకి నేర్పినవాళ్ళు కాచమన్నారు, ఆయన కాచారు.

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో షట్కర్మలు, అంటే ఒంటిని శుభ్రపరిచే ఆరు పనులు, చెప్పినచోటే, ఒంట్లో కొవ్వూ శ్లేష్మమూ ఎక్కువున్నవాళ్ళు ముందుగా ఇవి చేయాలనీ, మిగతావాళ్ళకి అక్కర్లేదనీ ఉందని ఆయన తరచూ గుర్తుచేసేవారు. నేతి, ధౌతి, కపాలభాతి అన్నీ ఆ ఆరింట్లోవే. అందరికీ అన్నీ అని అక్కడా లేదు. మా చాపల మీద మాత్రం ఒకరికి మంచిదైతే మధ్యాహ్నానికల్లా అందరికీ మంచిదైపోయేది.

*

అన్నింటికంటే ఎక్కువ గుర్తున్నది నా ఎడంపక్క చాప సంగతి.

ఆ చాప మీది అమ్మాయి నాకంటే చిన్నది. నన్ను అక్కా అనేది. థైరాయిడ్ తక్కువని రోజూ పరగడుపున మాత్ర వేసుకునేది. సర్వాంగాసనం, మత్స్యాసనం వేస్తే గొంతు దగ్గర గ్రంథి మళ్ళీ పని మొదలుపెడుతుందని, జీవితాంతం మాత్రలు మింగాల్సిన ఖర్మేంటని హాల్లో ఎవరో అన్నారు. ఇది ఎవరి నోట మొదలైందో ఆరా తీసినా తేలలేదు. నాలుగు వైపుల నుంచీ విన్నాక తను ఒకరోజు మాత్ర మానేసింది.

మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం కూడా బాగానే ఉంది. "చూశావా అక్కా, మానేసి ఇన్ని రోజులైంది, హాయిగా ఉన్నాను" అని అందరికీ చెప్పింది. ఆ మాట విని వెనక వరసలో ఇద్దరు మానేశారు. వాళ్ళూ బాగానే ఉన్నామన్నారు. హాలంతా పండగలా ఉంది.

థైరాయిడ్ మాత్రలోని హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. మిగిలిన సగంలో సగం తగ్గడానికి ఇంకో వారం. మానేసిన మర్నాడే తేడా తెలిసిపోయే మందు కాదది. తేడా బయటపడే లోపల మనిషి నలుగురికీ సాక్ష్యం చెప్పేస్తుంది. చెప్పేటప్పుడు తను చెప్పేది నిజమే, బాగానే ఉంది. తర్వాత ఏమైందో అందరికీ తిరిగి చెప్పేవాళ్ళు ఉండరు.

నర్సక్క ఏమీ అనలేదు. ఒకరోజు పొద్దున్న మాత్రం గోడ దగ్గర తన చోటు వదిలేసి, చాప తెచ్చి ఆ అమ్మాయికి అటుపక్క వేసుకుంది. అలా వారం రోజులు పక్కనే ఉంది. గొంతు బొంగురుపోవడం చూసింది. చలికాలం వెళ్ళిపోయినా శాలువా తీయకపోవడం చూసింది. పొద్దున్నే మొహం ఉబ్బి ఉండటం, శవాసనంలో గురకపెట్టి నిద్రపోవడం, మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం. ఎనిమిదో రోజు క్లాసయ్యాక, "నాకు రక్తపరీక్ష చేయించుకునే పని ఉంది, తోడు రావే" అని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరూ రక్తం ఇచ్చి వచ్చారు. రిపోర్టులో, థైరాయిడ్ తగ్గేకొద్దీ పెరిగే టీఎస్‌హెచ్ అరవై దాటింది. నాలుగైదు దాటకూడని అంకె అది.

"చెప్పానా?" అనలేదు నర్సక్క. మేమెవరమూ తనని అడగలేదన్న సంగతి ఎత్తలేదు. డాక్టరు మళ్ళీ మాత్ర మొదలుపెట్టించాక రోజూ క్లాసుకి ముందు "వేసుకున్నావా?" అని అడిగేది. ఆరేడు వారాలకి మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె దిగింది. ఆ కాగితం పట్టుకుని ఆ అమ్మాయే వెనక వరసకి వెళ్ళి, మానేసిన ఇద్దరికీ చూపించింది. నర్సక్క వెళ్ళి చెబితే వాళ్ళు వినేవాళ్ళు కాదు. హాయిగా ఉన్నానని చెప్పిన నోరే కాదని చెప్పింది కాబట్టి విన్నారు. ఇద్దరూ ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆ తర్వాత మాస్టారు ఒక నోటు పుస్తకం పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళ జబ్బులు, వాడే మందులు అందులో రాయించేవారు. మందు తగ్గించాలన్నా మానాలన్నా డాక్టరు చెప్పాలి, చెప్పిన చీటీ చూపించాలి. కొంతమందికి అది నచ్చలేదు. ఇంగ్లీషు వైద్యానికి దాసోహమంటున్నాడని బయట అనుకున్నారు. చెవిన పడ్డా ఆయన పట్టించుకోలేదు. ఆయన మీద నాకున్న గౌరవంలో ఎక్కువ భాగం ఆ పుస్తకం వల్లే. యోగా మీద అంత ప్రాణం పెట్టుకున్న మనిషి, అది చేయలేని పని ఏదో కూడా అంతే శ్రద్ధగా చెప్పడం నేను తక్కువ చూశాను.

*

సెలవుల్లో కొంతమంది వచ్చి నెలరోజులుండి వెళ్ళేవాళ్ళు. కూతురింటికో కొడుకింటికో వచ్చిన పెద్దవాళ్ళు. కొత్త సంగతులన్నీ వాళ్ళతోనే దిగేవి. సూత్రనేతి గురించి, రోజుకి ఒక్కపూట భోజనం గురించి, అరికాళ్ళలో ఒత్తితే తగ్గే నొప్పుల గురించి మొదట విన్నది వాళ్ళ దగ్గరే. రోజూ కలిసే మా అందరికీ తెలిసింది దాదాపు ఒకటే కదా. కొత్తది రావాలంటే బయటనుంచే రావాలి.

మా అన్నయ్య కూతురు సోషియాలజీ చదివేటప్పుడు ఈ కబుర్లన్నీ చెబితే భలే ఆసక్తిగా విన్నది. మార్క్ గ్రానొవెటర్ అనే ఆయన 1973లోనే దీని గురించి రాశాడట. కొత్త సమాచారం మనకి ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ళ ద్వారానే ఎక్కువగా అందుతుందని. "మరి ఆ ముఖపరిచయస్థులు చెప్పగానే మేమెవరం చేసేవాళ్ళం కాదే?" అన్నాను. దానికీ జవాబుంది తన దగ్గర. డేమన్ సెంటోలా అనే ఆయన 2010లో ఇంటర్నెట్‌లో ప్రయోగం చేసి చూశాడట. ఆరోగ్యం గురించిన ఒక వెబ్‌సైట్‌లో చేరడమనే పని, ఒకరితో ఒకరు ముడిపడ్డవాళ్ళు గుంపుగా ఉన్నచోట త్వరగా పాకిందట. ఒక్కరు చెబితే కదలని మనిషి ఇద్దరు ముగ్గురు చేస్తుంటే కదులుతాడు. మా హాల్లో జరిగింది అచ్చంగా ఇదే. సెలవుల్లో వచ్చినాయన మాట తెచ్చేవాడు, వెళ్ళిపోయేవాడు. అది నెలో రెండు నెలలో ఎవరి నోట్లోనో నానుతూ ఉండేది. పక్క చాపా, ముందు చాపా మొదలుపెట్టాకే మూడో చాప మొదలుపెట్టేది. ఆ అమ్మాయి మాత్ర మానేసింది కూడా ఒక్కరి మాట విని కాదు, నాలుగు వైపుల నుంచీ వచ్చాకే.

*

తర్వాత హాలు మూతపడింది. ఆ స్థలంలో వేరే కట్టడం వచ్చింది. అందరం తలో దిక్కూ అయ్యాక ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. మొదట్లో ఎంత సంబరమో. పోయిన మనుషులందరూ మళ్ళీ దొరికినట్టయింది. పొద్దున్నే దండాలు, పాత ఫొటోలు, మనవల ముచ్చట్లు.

మాటలు కూడా మళ్ళీ మొదలయ్యాయి. తేడా నాకు మెల్లగా తెలిసింది. హాల్లో "ఇది నాకు పనిచేసింది" అనేవాళ్ళు. పనిచేయకపోతే మర్నాడు వెళ్ళి వాళ్ళ మొహం మీదే చెప్పొచ్చు. చెప్పినవాళ్ళు కూడా "ఎలా ఉంది ఇప్పుడు?" అని అడిగేవాళ్ళు. గ్రూపులో వచ్చినవి ఎవరి మాటలో పంపినవాళ్ళకే తెలియదు. ఎవరో డాక్టరు, ఎక్కడో పరిశోధన, ఏదో ఆశ్రమం. ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌కి గుర్తు పెట్టడం వాట్సాప్‌వాళ్ళు 2018లో మొదలుపెట్టారు. అయినా మేం చదివింది ఆ గుర్తుని కాదు, పంపిన మనిషి పేరుని. టీచరమ్మ పంపారంటే టీచరమ్మ చెప్పినట్టే. ఆవిడ హలాసనం ఇంకా మా కళ్ళల్లోనే ఉంది మరి.

కరోనా వచ్చినప్పుడు ఇది తీవ్రమైంది. 2020 మార్చిలో ఒక మెసేజ్ వచ్చింది. పొద్దున్నే గట్టిగా ఊపిరి పీల్చి పది సెకన్లు బిగబట్టండి, దగ్గు రాకపోతే మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నట్టే, కరోనా లేనట్టే అని. ఒక పెద్ద విశ్వవిద్యాలయం పేరు కూడా తగిలించి ఉంది. ప్రపంచమంతా తిరిగిన మెసేజే అది. తప్పని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. కానీ మాలాంటివాళ్ళకి అది తగిలినంతగా ఇంకెవరికీ తగిలి ఉండదు. ఏళ్ళ తరబడి కుంభకం చేసినవాళ్ళం. పది సెకన్లు ఒక లెక్కా? ఒకరు నలభై అన్నారు, ఒకరు నిమిషం అన్నారు. ముందు వరస పెద్దాయన తొంభై సెకన్లని పెడితే గ్రూపంతా చప్పట్లు కొట్టింది.

ఆ పెద్దాయనకే తర్వాత జ్వరం వచ్చింది. మూడు రోజులున్నా రోజూ ఊపిరి బిగబట్టి చూసుకుంటున్నారు, బాగానే ఉందనుకుంటున్నారు. నర్సక్క ఆ రోజుల్లో గ్రూపులో ఏమీ రాసేది కాదు. సాయంత్రాలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసేది. నాకూ వచ్చేది ఆ ఫోన్. జ్వరముందా, వాసన తెలుస్తోందా, రాత్రి నిద్రపట్టిందా, వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూసుకున్నావా. పెద్దాయనకి ఫోన్ చేసినప్పుడు ఆయన తొంభై సెకన్ల సంగతి చెబితే, "అది పక్కన పెట్టండి బాబాయిగారూ, నంబరు చెప్పండి" అందట. ఇంట్లో మీటరు లేదు. కింది అంతస్తు కుర్రాడిది గుమ్మం దగ్గర పెట్టించింది. ఎనభై ఆరు ఉంది. తొంభై నాలుగుకి తగ్గితేనే ఆలోచించాల్సిన అంకె. ఆయనకి ఆయాసమే తెలియడం లేదు. ఆ జబ్బులో అలా చాలామందికి జరిగింది, ఆక్సిజన్ పడిపోతున్నా ఊపిరికి ఇబ్బంది తెలియకుండా. నర్సక్క ఫోన్ పెట్టకుండానే ఇంకో ఫోన్‌లో అంబులెన్సు పిలిపించింది.

ఆస్పత్రిలో చాలా రోజులే ఉన్నారు. బతికి బయటపడ్డారు. ఇంటికొచ్చిన వారానికి గ్రూపులో ఆయన ఒక మెసేజ్ పెట్టారు. ఫార్వర్డ్ కాదు, సొంతంగా రాసింది, అచ్చుతప్పులతో సహా. తొంభై సెకన్లు బిగబట్టిన రోజే తన నంబరు ఎనభై ఆరు ఉందని, ఆ పరీక్ష నమ్మొద్దని, మీటరు కొనుక్కొమ్మని. చివర్లో తన పేరు, ఫోన్ నంబరు.

అది మా గ్రూపు దాటిపోయింది. వేరే బ్యాచ్‌లకి, వేరే మాస్టార్ల దగ్గరికి, ఆయన ఎన్నడూ చూడని మనుషులకి. ఫోన్లు రావడం మొదలైంది. ప్రాణాయామం గురించి, కషాయాల గురించి, ఆవిరి గురించి అడిగేవాళ్ళు. గొంతు ఇంకా పూర్తిగా రాకపోయినా ప్రతి ఫోనూ ఆయనే ఎత్తేవారు. "ముందు వేలికి మీటరు పెట్టు నాయనా. ఎంతుందో చెప్పు. తక్కినవి తర్వాత మాట్లాడుకుందాం."